విజయానంద గజపతి

విజయనగరము ఉత్తరాంధ్రమున ప్రసిద్ధికెక్కిన పట్టణము. 1713వ సంవత్సరమున పూసపాటి ప్రభువులు ఇచ్చట కోటకు పునాది వేసిరి. ఆ కోట నీడలో అనేక విద్యలు వర్ధిల్లెను. ఆనంద గజపతి కొలువున గురజాడ అప్పారావు ఆదరమును పొందెను. 1919లో నెలకొల్పబడిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడయ్యెను. ద్వారం వేంకటస్వామి నాయుడు అచ్చట ఫిడేలు నేర్పెను. ఉత్తరాంధ్రముననే వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మల్లవిద్యలో దేశమంతట కీర్తి గడించెను. పాటకును, మాటకును, కండబలమునకును పేరుపొందిన ఈ సీమ పేరును క్రీడారంగమున దేశదేశములకు వినిపించినవాడు ఒక రాకుమారుడు. ఆయన పూసపాటి విజయానంద గజపతిరాజు. ఆంగ్లేయులు ఆయన ఊరిపేరును పలుకలేక, దానిని కుదించి విజ్జీ అని పిలిచిరి. తుదకు లోకమున ఆ పొట్టిపేరే నిలిచెను.

విజయానందుడు 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించెను. తండ్రి విజయరామ గజపతిరాజు విజయనగర సంస్థానాధిపతి. అన్న అలక నారాయణ గజపతి. రెండవ కుమారునికి గద్దె దక్కదు. కాని గద్దెకు తగిన పెంపకము దక్కును. విజయానందుడు మొదట అజమీరులోని మేయో కళాశాలలో చదివెను. రాజకుమారుల కొరకు ఏర్పడిన విద్యాలయమది. పిమ్మట ఇంగ్లండునకు పోయి హెయిలీబరీ విద్యాలయమున చేరెను. చదువుతోబాటు అచ్చట ఆటలకు గొప్ప స్థానముండెను. టెన్నిసు, క్రికెట్టు, తుపాకి గురి – ఈ మూడును ఆ బాలుని మనస్సును ఆకర్షించెను.

ఆ కాలమున తుపాకి పట్టుట రాజకుటుంబములలో అక్షరాభ్యాసము వంటిది. తుపాకి కొయ్యను భుజమునకు గట్టిగా ఆనించుట, శ్వాసను బిగబట్టుట, మీటను ఒక్కుదుటున లాగక మెల్లగా నొక్కుట – ఇవన్నియు అభ్యాసముచే అలవడవలెను. విజయానందునికి ఈ విద్య చక్కగా అబ్బెను. పెరిగి పెద్దవాడై ఆయన మూడువందలకు పైగా పులులను కొట్టెనని ప్రసిద్ధి.

అయితే నాటి రాజుల వేట ఎట్టిదో తెలిసికొనవలెను. తెల్లవారక ముందే వందలకొలది మనుష్యులు అడవికి పోయెడివారు. వారు డప్పులు మ్రోగించుచు, కేకలు వేయుచు, మృగమును ఒక దిక్కునకు తోలుకొని వచ్చెడివారు. కొన్నిచోట్ల దున్నపోతు దూడను ఎరగా కట్టెడివారు. ప్రభువు ఏనుగు అంబారీపైననో, చెట్టుకు కట్టిన మంచెపైననో కూర్చుండి ఎదురుచూచెడివాడు. పులి కంటబడగానే తుపాకి పేల్చెడివాడు. గురి ప్రభువుదే, ధైర్యమును ప్రభువుదే. కాని మృగమును ఆయన యెదుటికి తెచ్చినవారు ఇతరులు. వారిలో గాయపడినవారును, ప్రాణము కోల్పోయినవారును ఉండిరి. వారి పేర్లు ఎచ్చటను వ్రాయబడలేదు.

గురిపందెము వేటవంటిది కాదు. అచ్చట దూరము అందరికిని ఒక్కటే. గుండ్ర గీతల గురిపలక అందరికిని ఒక్కటే. 1896లో ఏథెన్సు నగరమున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే తుపాకి పందెములు చోటు సంపాదించెను. 1908లో లండనులో పట్టాలమీద పరుగెత్తు లేడిబొమ్మను రైఫిలుతో కొట్టు పందెమును జరిగెను. వేటగానికి తగిన తుపాకులతోను, సైనికుల తుపాకులతోను అచ్చట పోటీలు సాగినవి. గురిపలక ఎవరు రాజో, ఎవరు సిపాయియో ఎరుగదు. గుండు తగిలిన చోటునుబట్టియే లెక్క. క్రీడాధర్మమనగా ఇదియే. ఈ ధర్మమును విజయానందుడు గ్రహించుటకు చాలకాలము పట్టెను. ఆయన జీవితకథ అంతయు దానియందే ఇమిడియున్నది.

1922లో తండ్రి మరణించెను. అన్నగారు సంస్థానాధిపతి అయ్యెను. విజయానందుడు కాశీలో తమ వంశమునకు గల భూములను, భవనములను చూచుకొనుచు అచ్చటనే నివసింపసాగెను. 1926లో ఆయన తన భవనపు ఆవరణలోనే క్రికెట్టు మైదానమును నిర్మించి, స్వంత జట్టును కూర్చెను. భారతదేశపు ఆటగాండ్రనే కాక విదేశీయులను కూడ ఆహ్వానించి, వారికి భోజన వసతులు కల్పించి ఆడించుచుండెను. నాడు మనదేశమున క్రికెట్టు ఆటగాండ్రకు జీతములు లేవు. రాజుల ఆదరమే వారికి ఆధారము. కాబట్టి అనేకులు ఆయన నీడను చేరిరి.

1930వ సంవత్సరమున దేశమంతట ఉప్పు సత్యాగ్రహము చెలరేగెను. ఆ కారణముచే ఇంగ్లండు నుండి రావలసిన జట్టు తన పర్యటనను మానుకొనెను. ఆటను ప్రేమించువారికి ఇది నిరాశ కలిగించెను. అప్పుడు విజయానందుడు ఎవ్వరును ఊహింపని కార్యమునకు పూనుకొనెను. ఇంగ్లండు దేశపు మహా ఆటగాండ్రగు జాక్ హాబ్సును, హెర్బర్టు సట్‌క్లిఫును తన స్వంత జట్టులో ఆడుటకు రప్పించెను. హాబ్సునకు అప్పటికి నలువదియేడేండ్లు దాటినవి. అంతకుముందు మనదేశ పర్యటనలకు పిలిచినను రానివాడు విజయానందుని మాటపై వచ్చెను. ఆ జట్టు 1930–31లో మనదేశమునను, సింహళమునను తిరిగి ఆడెను. హాబ్సు ఆటను చూచిన బాలురలో కొందరు తరువాత తామే బ్యాటు పట్టిరి. ఈ కార్యమును విజయానందుని గొప్ప సేవగా ఎంచవలెను.

ఇట్లు ఆయన పేరు వ్యాపించెను. పాటియాలా మహారాజునకు తరువాత క్రికెట్టు వ్యవహారములలో అంతటివాడు లేడని పేరుపడెను. 1932లో మనదేశము మొదటి టెస్టు ఆటకై ఇంగ్లండునకు జట్టును పంపెను. అందు విజయానందునికి ఉపనాయకునికి సహాయకుడను పదవి లభించెను. కాని ఆయన అనారోగ్యమును, ఆట సరిగా లేకపోవుటను కారణములుగా చెప్పి విరమించుకొనెను. ఆ యేడు లార్డ్సు మైదానమున మన జట్టును నడిపిన వీరుడు సి.కె. నాయుడు. నాగపురమున పుట్టిన ఆయన తెలుగు వంశీయుడే.

1934–35లో విజయానందుడు వెస్టిండీసు వీరుడగు లియరీ కాన్‌స్టంటైనును మనదేశమునకు పిలిపించి, మొయినుద్దౌలా స్వర్ణపాత్ర పోటీలలో తన జట్టున ఆడించెను. ఆ కాలముననే జాతీయ పోటీకి ఎవరి పేర పాత్రను ఉంచవలెనను వివాదము పుట్టెను. పాటియాలా మహారాజు రంజీ పేర పాత్రను ఇచ్చెను. విజయానందుడు వైస్రాయి విల్లింగ్డన్ పేర స్వర్ణపాత్రను ఇచ్చుటకు ముందుకు వచ్చెను. తుదకు రంజీ పేరే నిలిచెను. పాత్రలు, విందులు, బహుమానములు – ఇవి ఆయనకు ఆయుధములయ్యెను. వీటితో ఆయన మిత్రులను సంపాదించెను. ఓట్లను కూడ సంపాదించెను.

1936లో ఇంగ్లండునకు పోవు జట్టునకు నాయకుని ఎన్నుకొనవలసి వచ్చెను. ఆటలో అనుభవము గల సి.కె. నాయుడు ఉండెను. అయినను క్రికెట్టు మండలిలోని ఓట్లు విజయానందుని పక్షమున పడెను. చిరకాల వాంఛ నెరవేరెను. వేటలో మృగమును ఎదుటికి తోలించినట్లే, పదవిని కూడ ఆయన తన యెదుటికి రప్పించుకొనెను. కాని లార్డ్సు మైదానమున డప్పులు వాయించువారు లేరు. అచ్చట ఎదుటివాడు విసరిన బంతిని తానే ఎదుర్కొనవలెను. పదునొకండుగురు మనుష్యులను తానే నడుపవలెను.

ఆ జట్టులో మొదటినుండియు ఐకమత్యము లోపించెను. నాయకుని పక్షమువారు కొందరు, నాయుని పక్షమువారు కొందరుగా చీలిరి. నాయకుని మెప్పు పొందినవారికి ఆదరము, పొందనివారికి నిరాదరము అను భావము ఆటగాండ్రలో నాటుకొనెను. ఇట్టి సమయమున లాలా అమరనాథ్ ఉదంతము జరిగెను.

అమరనాథ్ లాహోరున పెరిగిన పేద యువకుడు. 1933లో బొంబాయిలో ఆడిన తన మొదటి టెస్టుననే నూరు పరుగులు దాటి, భారతజట్టు తరఫున టెస్టు ఆటలో శతకము కొట్టిన మొదటివాడయ్యెను. 1936 పర్యటనలో కూడ ఎసెక్సు జట్టుపై రెండు ఇన్నింగ్సులలోను శతకములు చేసెను. జూన్ నెలలో లార్డ్సున మైనర్ కౌంటీల జట్టుతో ఆట జరుగుచుండగా, ఆయన కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని తన వంతుకై వేచియుండెను. నాయకుడు ఆయనను ఆపి, ఒకరి తరువాత ఒకరుగ ఇతరులను పంపెను. తుదకు సాయంకాలమున కొద్దిసేపు మిగిలినప్పుడు ఆయనకు పిలుపు వచ్చెను. తిరిగి వచ్చిన పిదప అమరనాథ్ కోపము నిలుపుకొనలేక ప్యాడ్లను విసరివైచి పరుషముగ మాటలాడెను. యువకుడు తొందరపడెను, నిజమే. కాని శిక్ష తప్పునకు మించిపోయెను. మొదటి టెస్టు ఇంకను జరుగకముందే ఆయనను ఓడ ఎక్కించి ఇంటికి పంపివేసిరి. తోటి ఆటగాండ్రు ఆయన తరఫున వేడుకొనినను ఫలింపలేదు. జట్టులో ఉత్తమమైన ఆటగాడు సముద్రముపై ఉండగా, జట్టు టెస్టు ఆటకు దిగెను.

లార్డ్సు టెస్టున మనవారు మొదట 147 పరుగులు చేసిరి. అమర్‌సింగ్ ఆరుగురిని పడగొట్టగా ఇంగ్లండు 134 పరుగులకే ముగిసెను. ఆనాడు గెలుపు అందరాని దూరమున లేదు. కాని రెండవ ఇన్నింగ్సున మన జట్టు 93 పరుగులకు కూలెను. ఇంగ్లండు తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచెను. అమరనాథ్ ఉన్నచో ఏమగునో ఎవరును చెప్పలేరు. కాని ఆ ప్రశ్న జట్టును విడువలేదు.

రెండవ టెస్టు మాంచెస్టరున జరిగెను. ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 571 పరుగులు చేసెను. మనవారు 368 పరుగుల వెనుకబాటుతో రెండవ ఇన్నింగ్సును ఆరంభించిరి. అప్పుడు విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీ కలసి 203 పరుగుల వరకు విడిపోక నిలిచిరి. ముస్తాక్ 112, మర్చంటు 114 పరుగులు చేసిరి. భారతజట్టు తరఫున విదేశమున టెస్టు శతకము కొట్టిన మొదటివాడు ముస్తాకే. ఆ ఆట ఎవరికిని గెలుపు లేకుండ ముగిసెను. ఓవల్ మైదానమున జరిగిన మూడవ టెస్టున మరల తొమ్మిది వికెట్ల ఓటమి. అచ్చట నలువది దాటిన నాయుడు, బంతి దేహమునకు తగిలినను వెనుదీయక 81 పరుగులు చేసెను. నాయకుడగు విజయానందుడు మూడు టెస్టులలో కలిపి చేసినవి 33 పరుగులు మాత్రమే.

ఈ ఓటముల నడుమనే ఒక చిత్రము జరిగెను. జులై నెలలో బ్రిటిషు ప్రభువు ఆయనకు సర్ బిరుదమును ప్రసాదించెను. ఒకప్రక్క బిరుదము, ఒకప్రక్క ఓటమి. బిరుదము ఇచ్చువాడు రాజు. పరుగులు ఇచ్చువాడు రాజు కాడు.

జట్టు తిరిగి వచ్చిన పిదప విచారణ సంఘము ఏర్పడెను. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ దానికి అధ్యక్షుడు. 1937 జనవరిలో సంఘము తన నివేదికను వెల్లడించెను. అమరనాథ్ నిర్దోషి అనియు, విజయానందుని నాయకత్వము జట్టునకు చేటు తెచ్చెననియు తేల్చెను. ఆయన ఆటను సరిగా ఎరుగడనియు, ఆటగాండ్రను సమముగ చూడలేదనియు నివేదిక తప్పుపట్టెను. లోకమెల్ల చూచుచుండగా ఒక రాకుమారుడు ఇట్టి తీర్పును వినవలసి వచ్చుట నాటికి సామాన్యమైన విషయము కాదు. ఆ తీర్పునకు పిమ్మట ఆయన మరి టెస్టు ఆట ఆడలేదు. కొన్నేండ్లు క్రికెట్టు వ్యవహారములకు దూరముగ నుండెను.

ఇచ్చటితో ఆయన కథ ముగిసినచో, అది గర్వభంగపు కథ మాత్రమే అయ్యెడిది. కాని మనుష్యుని జీవితమున రెండవ ఇన్నింగ్సు కూడ ఉండును. 1947లో దేశము స్వతంత్రమగు తరుణమున ఆయన తన సర్ బిరుదమును వదులుకొనెను. ఒకనాడు ఎంతో కోరి పొందిన గౌరవమును తన చేతులతోనే తీసివేసికొనెను. సంస్థానముల కాలము ముగియుచున్నదని ఆయన గ్రహించెను. ఇక ఆయనకు మిగిలినది ఆటపై ప్రేమయే.

1952లో ఆయన క్రికెట్టు మండలికి ఉపాధ్యక్షుడుగను, 1954లో అధ్యక్షుడుగను అయ్యెను. ఉత్తరప్రదేశమున ఆటను వృద్ధి చేయుటకు పాటుపడెను. 1956–57లో ఆ రాష్ట్రపు జట్టునకు నాయకుని వెదకవలసి వచ్చినప్పుడు, ఆయన పిలిచినది ఎవరినో కాదు, సి.కె. నాయునే. ఒకనాడు ఎవరిని త్రోసి తాను నాయకుడయ్యెనో, ఇరువది ఏండ్ల పిమ్మట ఆయన చేతికే జట్టును అప్పగించెను. అరువది దాటిన నాయుడు ఆ జట్టును నడిపెను. అమరనాథ్ కూడ ఆ మధ్యకాలమున ఉన్నతస్థితికి వచ్చెను. స్వతంత్ర భారతజట్టునకు 1947లో మొదటి నాయకుడయ్యెను. 1936లో ఓడలో ఒంటరిగ పంపబడిన యువకుడు పదునొకండేండ్లకు దేశపు జట్టుతో ఆస్ట్రేలియాకు పోయెను. కాలము ఇట్లు లెక్కలను సరిచేసెను.

విజయానందుడు రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యాతగ కూడ పేరుపొందెను. 1959లో మన జట్టు ఇంగ్లండులో ఆడుచున్నప్పుడు బి.బి.సి. ఆయనను వ్యాఖ్యానమునకు ఆహ్వానించెను. 1958లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ్ బిరుదము నిచ్చి గౌరవించెను. 1960 ప్రాంతమున ఆయన విశాఖపట్టణము నుండి లోక్‌సభకు సభ్యుడయ్యెను. కాశీలో స్థిరపడినను తుదకు తన సీమ ప్రజల ప్రతినిధిగ నిలిచెను. 1965 డిసెంబరు 2వ తేదీన కాశీలో పరమపదించెను. మరుసటి యేడు విశ్వవిద్యాలయముల క్రికెట్టు పోటీలకై ఆయన పేర విజ్జీ పాత్ర ఏర్పడెను. విజయనగరమున ఒక క్రీడాస్థలమునకు కూడ ఆయన పేరు పెట్టబడినది.

ఆయన వేటకీర్తి మాత్రము కాలముతో రంగు మారెను. ఒకప్పుడు మెప్పుగ చెప్పుకొనిన పులుల లెక్క నేడు విచారమును కలిగించుచున్నది. రాజులును, దొరలును తరతరములుగ సాగించిన వేటవలనను, అడవుల నరికివేతవలనను దేశమున పులులు అరుదైపోయెను. 1972లో వన్యమృగ సంరక్షణ చట్టము పులిని చంపుటను నిషేధించెను. 1973లో పులుల రక్షణకై ప్రత్యేక పథకము ఆరంభమయ్యెను. తుపాకి గురి విద్య అడవిని విడిచి మైదానమునకు వచ్చెను. 1951లోనే మనదేశమున జాతీయ రైఫిల్ సంఘము ఏర్పడి, గురిపందెములను నడుపసాగెను. అచ్చట ప్రాణము తీయు పని లేదు. కాగితముపై గీచిన వలయమే లక్ష్యము. పేదవాని బిడ్డ గుండైనను, ప్రభువు బిడ్డ గుండైనను నడిమి చుక్కను తగిలినచో విలువ ఒక్కటే.

విజయానంద గజపతి జీవితమున మెచ్చదగినదియు కలదు, విడువదగినదియు కలదు. ఆటకై ఆయన వెచ్చించిన ధనము, విదేశవీరులను మనదేశమునకు రప్పించిన సాహసము, వార్ధక్యమున పాతవైరమును మరచిన ఔదార్యము మెచ్చదగినవి. అర్హతను ఓట్లతోను, విందులతోను కొనవచ్చునను భ్రమ విడువదగినది. ఆ భ్రమకు ఆయన ఒక్కడే కాదు, జట్టంతయు మూల్యము చెల్లించెను. ఓడలో ఒంటరిగ పంపబడిన యువకుడు అందరికంటె ఎక్కువ చెల్లించెను. మంచెపై కూర్చున్నవానికి మృగమును తోలితెచ్చువారు దొరకుదురు. మైదానమున నిలిచినవానికి మాత్రము తన చేయి, తన కన్ను, తన తోటివారి నమ్మకము – ఇవియే తోడు.